మా ముందు ఒక్కసారీ ఆగని కారు

పెట్రోలును కంప్యూటర్ లెక్కతో ఇంజిన్‌లోకి చిమ్మే ఇంజెక్షన్ బండ్లలో అంతుచిక్కని లోపాలు పట్టుకోవడం నా పని. ఈ కేసును మేము రెండుసార్లు తప్పుగా చదివాం. పరికరాలు లేక కాదు, అనుభవం చాలక కాదు. పరీక్షకు బయలుదేరే ముందు ప్రతిసారీ సాక్ష్యాన్ని మా చేతులతో మేమే చెరిపేసుకున్నాం. అందుకే దీన్ని రాసిపెడుతున్నాను. యజమాని ఎవరో తెలియకుండా ఊరు, కారు పేరు, తేదీలు తీసేశాను. కొలతలు మాత్రం జాబ్ కార్డులో ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాను.

నేపథ్యం

పెట్రోలు కారు. నాలుగు సిలిండర్లు, ఎనిమిదేళ్ల వయసు, 1,10,000 కిలోమీటర్లు దాటి తిరిగింది. వెనక సీటు కింద 45 లీటర్ల ఇనుప ట్యాంకు. పంపు ట్యాంకు లోపలే, ఎడమ పక్కన ఉంటుంది. ఇంజిన్ దగ్గర నుంచి వెనక్కి వచ్చే రిటర్న్ పైపు లేదు. ప్రెషర్ రెగ్యులేటర్ కూడా పంపుతో పాటే ట్యాంకులో ఉంటుంది, మిగిలిన పెట్రోలు అక్కడికక్కడే వెనక్కి పడుతుంది.

తర్వాత వచ్చే కథంతా ఒక ప్లాస్టిక్ గిన్నె చుట్టూ తిరుగుతుంది కాబట్టి దాని గురించి ఇక్కడే చెప్పాలి. పంపు నేరుగా ట్యాంకు అడుగున కూర్చోదు. అర లీటరు పట్టే ఒక చిన్న గిన్నెలో కూర్చుంటుంది. మా వర్క్‌షాపులో దాన్ని బకెట్ అంటాం. ట్యాంకులో పెట్రోలు ఎంత తగ్గినా, మలుపుల్లో ఎటు ఒరిగినా, పంపు మూతి మునిగి ఉండటానికే ఈ ఏర్పాటు. బకెట్‌ను ఎప్పటికప్పుడు నింపడానికి అడుగున ఒక జెట్ ఉంటుంది. పంపు తోడిన పెట్రోలులో కొంత సన్నని రంధ్రం గుండా వేగంగా చిమ్ముతూ, చుట్టూ ఉన్న పెట్రోలును తనతో పాటు బకెట్‌లోకి లాక్కెళ్తుంది. లోపలికి వచ్చింది బయటికి జారిపోకుండా అడుగున ఒక రబ్బరు వాల్వు ఉంటుంది.

యజమాని ఒక ఉద్యోగిని. రోజూ రానూపోనూ 60 కిలోమీటర్లు, దాదాపు ఎప్పుడూ ఒంటరిగానే నడుపుతారు. మా దగ్గరికి రావడానికి 14 నెలల ముందు మరో చోట పంపు మార్పించారు. అప్పుడూ ఇవే లక్షణాలు. కొత్త పంపు వేసినా ఏడాది తిరిగేసరికి అదే జబ్బు మళ్లీ వచ్చిందంటే, జబ్బు పంపులో పుట్టింది కాదేమోనని మొదటిరోజే అనుకోవాల్సింది. అనుకోలేదు.

ఫిర్యాదు

“మలుపు తిరిగేటప్పుడు ఎవరో వెనక నుంచి పట్టి లాగినట్టు అవుతుందండీ. ఒక్క క్షణం, అంతే. మళ్లీ మామూలుగా పోతుంది.” ఆమె మాటలు జాబ్ కార్డులో అలాగే రాసుకున్నాం. రెండుసార్లు మాత్రం పూర్తిగా ఆగింది. అందులో ఒకసారి నిమిషం లోపే మళ్లీ స్టార్టయింది. కొన్ని ఉదయాలు సెల్ఫ్ ఎక్కువసేపు కొట్టాల్సి వస్తోంది. చెక్ ఇంజిన్ దీపం వెలిగే ఉంది.

స్కానర్ పెడితే రెండు కోడ్‌లు వచ్చాయి. గాలితో కలిసే పెట్రోలు తగ్గి మిశ్రమం పలచబడిందని పి0171, ఫలానా సిలిండర్ అని చెప్పలేని మిస్‌ఫైర్‌కు, అంటే మిశ్రమం సరిగా మండకపోవడానికి, పి0300. కోడ్ పడిన క్షణాన కారు వేగం గంటకు 48 కిలోమీటర్లు, ఇంజిన్ వేడి 91 డిగ్రీలు, లాంగ్ టర్మ్ ట్రిమ్ +14 శాతం. అంటే కంప్యూటర్ తన లెక్క కన్నా 14 శాతం ఎక్కువ పెట్రోలు పోస్తేగానీ మిశ్రమం కుదరడం లేదు.

మొదటి రెండు ప్రయత్నాలు

పలచన మిశ్రమానికి ముఖ్యంగా రెండు దారులు. లెక్కకు రాని గాలి లోపలికి వస్తూ ఉండాలి, లేదా లెక్క ప్రకారం రావాల్సిన పెట్రోలు రాకుండా ఉండాలి. గాలి ఎక్కడైనా లీకైతే దాని ప్రభావం ఐడ్లింగ్‌లో ఎక్కువగా కనిపించి, యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ తగ్గుతుంది. ఈ కారులో ఐడ్లింగ్ ట్రిమ్ +3 మాత్రమే. గాలి గొట్టాల్లోకి పొగ పంపి ఎక్కడ బయటికొస్తుందో చూసే పొగ పరీక్షలోనూ లీకు దొరకలేదు. ఇక మిగిలింది పెట్రోలు వైపు. ఇక్కడి దాకా ఆలోచన సరైన దారిలోనే నడిచింది.

పెట్రోలు ప్రెషర్ చూశాం. ఐడ్లింగ్‌లో 3.8 బార్, ఉండాల్సింది అంతే. యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కినా ముల్లు కదల్లేదు. 40 కిలోమీటర్లు తిప్పి తెచ్చాం, మలుపులు కూడా తిప్పాం. ఒక్క కుదుపు లేదు. ప్రెషర్ బాగుంది, నడక బాగుంది, కాబట్టి పంపు నిర్దోషి అని కొట్టేశాం. అప్పుడు అనుమానమంతా గాలిని కొలిచే సెన్సర్ మీద పడింది. మురికి పట్టిన సెన్సర్ లోడు మీద తక్కువ చూపిస్తే ఇదే రకం ట్రిమ్ వస్తుంది. దాన్ని శుభ్రం చేసి, ప్లగ్గులు మార్చి, కోడ్‌లు చెరిపి ఇచ్చేశాం.

ఆరు రోజుల్లో బండి తిరిగొచ్చింది. అవే కోడ్‌లు. మళ్లీ తిప్పి చూశాం, మళ్లీ ఏమీ లేదు. ఈసారి గాలి సెన్సరే మార్చేశాం. ఆ తర్వాత తొమ్మిది రోజులు ఫిర్యాదు లేదు. సెన్సరే దోషి అని మా కుర్రవాళ్లకు నేను చిన్న పాఠం కూడా చెప్పాను. ఆ పాఠం ఇప్పటికీ వాళ్లు నాకు గుర్తుచేస్తూ ఉంటారు.

ఆ తొమ్మిది రోజులకు అసలు కారణం తర్వాత తెలిసింది. ఆమె కుటుంబంతో దూర ప్రయాణం పెట్టుకుని, చాలా కాలం తర్వాత ట్యాంకు నిండా పోయించారు.

వంతెన మీద రాత్రి

మూడోసారి ఆగింది వంతెన దిగే ఎడమ మలుపులో, రాత్రి వేళ. దాని గురించి ఆమె చెప్పిన తీరు విన్నాక ఇది ట్రిమ్ శాతాల గొడవ కాదని అర్థమైంది.

ఇంజిన్ ఆగిన వెంటనే స్టీరింగ్ బరువెక్కింది. ఆ కారుది ఇంజిన్ బెల్టుతో నడిచే హైడ్రాలిక్ స్టీరింగ్, ఇంజిన్ లేకపోతే సాయం ఉండదు. కంగారులో ఆమె బ్రేకును రెండు మూడుసార్లు తొక్కి వదిలారు. బ్రేక్ బూస్టర్‌లో నిల్వ ఉండే వాక్యూమ్ అలా తొక్కి వదలడానికి రెండు మూడుసార్లకే సరిపోతుంది. ఆ తర్వాత పెడల్ రాయిలా అయింది. బ్రేకు పోలేదు, సాయం పోయింది. పెడల్ మీద లేచి నిలబడినంత బలం పెడితే బండి ఆగుతుంది, కానీ ఆ క్షణంలో ఆ సంగతి ఎవరికి తోస్తుంది? బండి ఇంకా దొర్లుతుండగానే స్టార్ట్ చేద్దామని ఆమె తాళం వెనక్కి తిప్పారు. ఇంకాస్త తిప్పి తాళం బయటికి లాగి ఉంటే స్టీరింగ్ లాక్ పడేది. వెనక వస్తున్న లారీ హారన్ మోగిస్తూ పక్కకు తప్పించుకుపోయింది.

ఆమె 20 నిమిషాలు ఆ చీకటిలో కారులోనే కూర్చున్నారు. తర్వాత తాళం తిప్పితే మొదటి దెబ్బకే స్టార్టయింది.

అలాంటప్పుడు చేయాల్సింది ఏమిటో ఆమెకు వివరంగా చెప్పాను. ఇగ్నిషన్ ఆన్‌లోనే ఉంచాలి. హజార్డ్ లైట్లు వేయాలి. ఉన్న వేగంతోనే అంచుకు దొర్లించాలి. బ్రేకు ఒక్కసారే, గట్టిగా, వదలకుండా తొక్కాలి. ఆగాక కారులో కూర్చోకుండా, వెనక చూసుకుని దిగి రెయిలింగ్ అవతల నిలబడాలి. అన్నీ విని ఆమె ఒకే ప్రశ్న అడిగారు. “సరేనండీ, అసలు ఎందుకు ఆగుతోంది?”

అడగాల్సిన ప్రశ్న

మళ్లీ స్టార్టయిన తీరు గురించి ఆలోచించాను. వేడెక్కి మొరాయించే పంపు మోటారైతే చల్లారడానికి కొంత సమయం తీసుకోవాలి. 20 నిమిషాల తర్వాత స్టార్టయిందంటే ఆ వాదన నిలుస్తుంది. కానీ అంతకు ముందు ఒకసారి నిమిషం లోపే స్టార్టయింది. అంత త్వరగా చల్లారే మోటారు ఉండదు. నిమిషంలో సర్దుకునేది ఇంకేదో ఉండాలి. ట్యాంకులో ఒక పక్కకు ఒరిగిన పెట్రోలు మళ్లీ సమంగా పరుచుకోవడానికి మాత్రం నిమిషం చాలా ఎక్కువ.

అప్పుడు అడిగాను. “ఆగిన ప్రతిసారీ పెట్రోలు మీటరులో ఎన్ని గీతలున్నాయి?”

ఆమె కాసేపు మాట్లాడలేదు. “గీతలా? ఆ దీపం ఎప్పుడూ వెలిగే ఉంటుందండీ,” అన్నారు, కొంచెం సిగ్గుపడుతూ. దీపం వెలిగాక పది లీటర్లు పోయించడం, మళ్లీ వెలిగాక మరో పది. ఏళ్లుగా ఆమె బండి నడిచింది ఇలాగే.

ఆమె ఫోనులో పెట్రోలుకు కట్టిన డబ్బుల మెసేజ్‌లు ఉన్నాయి. బండి కుదిపిన రోజులు, ఆగిన రోజులు ఒక కాగితం మీద రాసి, పక్కన పెట్రోలు పోయించిన రోజులు వేశాం. గుర్తున్న ఐదు సంఘటనల్లో ఐదూ పెట్రోలు పోయించడానికి ముందు రోజో, అదే రోజో జరిగినవే. ఏ స్కానరూ చూపించని గ్రాఫు అది.

నేను వెంటనే మా జాబ్ కార్డులు తిరగేశాను. రెండుసార్లు కూడా ఒకే వరుస. “దీపం వెలిగి ఉంది. 10 లీ. పోసి టెస్టుకు తీసుకెళ్లాం.” చాలా కాలం క్రితం ఒక కస్టమరు బండి టెస్టులో ఉండగా పెట్రోలు అయిపోయి నడిరోడ్డు మీద నిలబడింది. అప్పటి నుంచి మా వర్క్‌షాపులో పెట్టుకున్న నియమం ఇది. మంచి నియమమే. కానీ జ్వరం మందు వేసి థర్మామీటరు పెట్టినట్టు అయింది మా పని.

పునఃపరీక్ష

ట్యాంకు మొత్తం తోడి, కొలిచి 5 లీటర్లు మాత్రం తిరిగి పోయాలని నిర్ణయించాం. ఇది ఇంట్లో చేసే పని కాదని ఇక్కడే చెబుతున్నాను. పెట్రోలు మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా అంటుకోగల ఆవిరిని వదులుతుంది. ఆ ఆవిరి గాలి కన్నా బరువు, నేలబారున పాకి గోతుల్లో చేరుతుంది. అందుకే సర్వీసు పిట్టు మీద కాకుండా ఆరుబయట, బ్యాటరీ తీసేసి, మంటలార్పే సిలిండర్ పక్కన పెట్టుకుని, చేతి పంపుతో తోడాం.

పెట్రోలు పైపుకు ఎలక్ట్రానిక్ ప్రెషర్ సెన్సర్, పంపు తీగకు కరెంటు కొలిచే క్లాంపు పెట్టి, రెండింటినీ క్షణక్షణం మార్పును గీతగా చూపే ఆసిలోస్కోపుకు కలిపాం. ఖాళీ మైదానంలో గంటకు 30 కిలోమీటర్ల వేగంతో గుండ్రంగా తిప్పాం. కుడికి ఎన్ని చుట్లు తిప్పినా ప్రెషర్ 3.8 దగ్గర గీసిన గీతలా నిలబడింది. ఎడమకు తిప్పాం. నాలుగు సెకన్లు గడిచాయి. ప్రెషర్ 1.5 కన్నా కిందికి పడింది, ఇంజిన్ దగ్గి కుదిపింది, వెనక సీటు కింద నుంచి పంపు మోత సన్నని కూతగా పైకి లేచింది.

ఆ కూతను స్కోపు మీద కూడా చూశాం. బ్రష్షుల నుంచి తిరిగే చుట్టలకు కరెంటు అందించే రాగి పట్టీల వలయాన్ని కమ్యుటేటర్ అంటారు. ఈ పంపు మోటారు కమ్యుటేటర్‌కు ఎనిమిది పట్టీలు, ఒక్కో చుట్టుకు కరెంటు గీతలో ఎనిమిది మూపురాలు వస్తాయి. మామూలుగా ఒక చుట్టుకు 11 మిల్లీసెకన్లు పడుతోంది, అంటే నిమిషానికి సుమారు 5,450 చుట్లు. ఎడమ మలుపులో మూపురాలు దగ్గర దగ్గరగా జరిగి చుట్టు 8 మిల్లీసెకన్లకు తగ్గింది, అంటే 7,500 చుట్లు. అదే సమయంలో కరెంటు 5.2 ఆంపియర్ల నుంచి 3.1కి దిగింది. వేగం పెరిగి కరెంటు తగ్గిందంటే పంపుకు బరువు తగ్గినట్టు. అంటే అది పెట్రోలు తోడటం లేదు, గాలి పీలుస్తోంది. ఎనిమిది మూపురాల్లో ఒకటి మిగతావాటి కన్నా పొట్టిగా ఉండటం కూడా అప్పుడే గమనించాం. ఆ పట్టీ అరిగింది.

పంపు ట్యాంకుకు ఎడమ పక్కన ఉంది. ఎడమకు తిరిగితే పెట్రోలు కుడికి ఒరుగుతుంది. ట్యాంకులో 5 లీటర్లే ఉంటే పంపు దగ్గర నేల బయటపడుతుంది. “పెట్రోలు తక్కువైంది, గాలి పట్టింది, అంతే కదా సార్?” అన్నాడు మా కుర్రవాడు. చాలామంది ఇక్కడే ఆగి, ఇకపై ట్యాంకు నింపుకోమని చెప్పి పంపేస్తారు. నాకు మాత్రం ఆ నాలుగు సెకన్లు మింగుడుపడలేదు.

బకెట్‌లో అర లీటరు ఉండాలి. ఆ వేగంలో, ఎంత ఉదారంగా లెక్కేసినా, ఇంజిన్ సెకనుకు ఒకటిన్నర మిల్లీలీటరు కన్నా ఎక్కువ తాగదు. మిగిలింది తిరిగి బకెట్‌లోకే పడుతుంది. అంటే ట్యాంకు నుంచి చుక్క రాకపోయినా నిండు బకెట్ ఐదు నిమిషాలకు పైగా ఆదుకోవాలి. నాలుగు సెకన్లలో చేతులెత్తేసిందంటే మలుపులోకి రాకముందే బకెట్ దాదాపు ఖాళీగా ఉంది.

తెరిచి చూస్తే

ట్యాంకులోంచి బయటికి తీసిన బకెట్ నిండుగా, బరువుగా రావాలి. దీనిలో వేలెడు లోతు కూడా లేదు. దాన్ని నింపి నేల మీద పెడితే అర నిమిషంలో అడుగు నుంచి కారిపోయింది. రబ్బరు వాల్వు బిరుసెక్కి ఉంది, దాని అంచు కింద గోరు ముక్కంత తుప్పు పెచ్చు ఇరుక్కుంది. జెట్ రంధ్రం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. టార్చి వెలుగు అవతలికి రావడం లేదు, లోపల ఎర్రటి మడ్డి గట్టిపడింది. నింపే దారి మూసుకుపోయింది, కారే దారి తెరుచుకుంది. బకెట్ ఉన్నా లేనట్టే.

ట్యాంకు అడుగున మూలల్లో అదే ఎర్రటి మడ్డి. టార్చి వేసి ట్యాంకును కాస్త వంచితే, అడుగున మిగిలిన పెట్రోలు కింద నీటి బొట్లు పాదరసంలా దొర్లుతూ కనిపించాయి. నీళ్లు ఎక్కడివి? ఖాళీ ట్యాంకులో తేమ పట్టి నీరవుతుందని అందరూ చెబుతారు. కొంత నిజమే. కానీ ఇప్పటి కార్ల ట్యాంకులు మూసి ఉంటాయి, బయటి గాలి స్వేచ్ఛగా రాదు, కాబట్టి అంత నీరు తేమతోనే చేరిందంటే నమ్మబుద్ధి కాలేదు. పెట్రోలు పోసే మూత చూశాం. రబ్బరు చుట్టు పగిలి ఉంది. మూత చుట్టూ ఉండే గుంటలోంచి నీళ్లు పోవాల్సిన చిన్న రంధ్రం మట్టితో పూడిపోయింది. వాన పడినా, కారు కడిగినా ఆ గుంటలో నిలిచిన నీళ్లు లోపలికి దిగుతున్నాయి.

14 నెలల క్రితం పంపు మార్చినవాళ్లు పాత బకెట్‌లోనే కొత్త మోటారు పెట్టి, ట్యాంకు కడగకుండా మూసేశారు. నేను వాళ్లను పెద్దగా తప్పుపట్టను. అప్పటి మోటారు నిజంగానే పోయి ఉంటుంది. పోయిన భాగం మార్చారు, ఎందుకు పోయిందో చూడలేదు. మేము అంతకు ముందు రెండుసార్లు చేసింది ఇంకా తక్కువ పని.

రిజర్వులో నడపడం పంపును చంపుతుందా?

ఈ ప్రశ్నకు రెండు రకాల సమాధానాలు వినిపిస్తాయి. పెట్రోలు తగ్గితే పంపు కాలిపోతుందని ఒకరు, అదంతా పాత మాట అని ఇంకొకరు. ఈ కేసు చూశాక నేను రెండింటి మధ్యా నిలబడతాను.

పంపు చుట్టూ పెట్రోలు నిలిచి ఉంటేనే అది చల్లబడుతుందన్నది సగం నిజం. తోడిన పెట్రోలు మోటారు లోపలి నుంచే, తిరిగే చుట్టల మీదుగా పైకి వెళ్తుంది. వేడిని తీసుకెళ్లేదీ, బేరింగులకు నూనెలా పనిచేసేదీ ఆ ప్రవాహమే. బకెట్ ఆరోగ్యంగా ఉంటే ట్యాంకులో పది లీటర్లున్నా, నలభై ఉన్నా ఆ ప్రవాహం తెగదు. తక్కువ పెట్రోలు తొందరగా వేడెక్కుతుందన్నది వేరే సంగతి. అసలు హాని గాలి గుక్కల్లో ఉంది. ఒక్కో గుక్కకు మోటారు లోపల కొన్ని సెకన్లు పొడిగా తిరుగుతుంది. బ్రష్షులు, కమ్యుటేటర్ ఎక్కువగా అరిగేది అప్పుడే. ఈ రెండో పంపును తర్వాత కోసి చూస్తే కమ్యుటేటర్ మీద గోరు తగిలే గాడి ఉంది.

“అడుగు పెట్రోలు వాడితే మడ్డి వస్తుంది” అన్న మాటకూ ఇలాంటి సవరణే చెప్పాలి. ట్యాంకు నిండా ఉన్నా పంపు తోడేది అడుగు నుంచే. కానీ 40 లీటర్లు ఉన్నప్పుడు అడుగు నీరు, మడ్డి పెద్దగా కదలవు. 5 లీటర్లు మాత్రం ప్రతి బ్రేకుకూ ప్రతి మలుపుకూ అడుగును కడిగినట్టు అటూ ఇటూ పరిగెత్తి, ఉన్న మురికినంతా లేపి పంపు మూతి దగ్గరికి చేరుస్తాయి.

నిండు ట్యాంకు అసలు లోపాన్ని దాచేస్తుంది కూడా. పెట్రోలు మట్టం బకెట్ అంచు కన్నా పైన ఉన్నంతకాలం వాల్వు కారినా, జెట్ మూసుకున్నా ఎవరికీ తెలియదు. రిజర్వులో పడ్డాకే తెలుస్తుంది. తన బండి బకెట్ బాగుందో లేదో ఏ డ్రైవరూ చూడలేడు కదా! అది బయటపడే చోటు ఏదో ఒక మలుపే అవుతుంది.

సగం వైద్యం

పంపు, బకెట్ కలిసి ఒకటిగా వచ్చే మాడ్యూల్ మొత్తం మార్చాలని తెలుసు. స్టాకు లేదు, ఆమెకు బండి అవసరం. అందుకని ట్యాంకు దించి కడిగి, జెట్ శుభ్రం చేసి, వాల్వు కింది పెచ్చు తీసి, అదే పంపు తిరిగి పెట్టాం. మైదానంలో రెండు వైపులా తిప్పితే ప్రెషర్ నిలబడింది. సగం ట్యాంకు కన్నా తగ్గనివ్వొద్దని చెప్పి ఇచ్చాం. అరిగిన మూపురం కళ్లతో చూసి కూడా ఇచ్చాం, అది నా నిర్ణయమే.

మూడు వారాలకు ఉదయం స్టార్టింగ్ మళ్లీ మొండికేసింది. ఈసారి ప్రెషర్‌తో పాటు పరిమాణం కొలిచాం, మొదటిరోజే చేయాల్సిన పని. ప్రెషర్ 3.8 బారే ఉంది. 30 సెకన్లలో కనీసం 800 మిల్లీలీటర్లు రావాల్సిన చోట 600 వచ్చింది. ఐడ్లింగ్‌లో ఇంజిన్ తాగేది చాలా తక్కువ కాబట్టి నీరసించిన పంపు కూడా అక్కడ సరైన ప్రెషర్ చూపించగలదు. మొదటి విజిట్‌లో మేము నిర్దోషి అని వదిలింది ఈ పంపునే.

నిలిచిన మరమ్మతు

కొత్త బకెట్, జెట్, వాల్వు, వడపోత జల్లెడతో సహా మొత్తం మాడ్యూల్ వేశాం. కొత్త మూత పెట్టాం, తుప్పు పట్టిన పెట్రోలు గొట్టం మార్చాం, గుంట రంధ్రంలో మట్టి తీశాం. ఆ తర్వాత అదే మైదానంలో అదే 5 లీటర్లతో ఎడమకు, కుడికి, బ్రేకు కొట్టి ఆపుతూ పరీక్షించాం. గీత కదల్లేదు. కుతూహలం కొద్దీ లీటరు లీటరు తోడుతూ వెళ్లాం. ఎడమ మలుపులో ప్రెషర్ మొదటిసారి వణికింది 2 లీటర్ల దగ్గర. అదే మైదానంలో పాత బకెట్ 5 లీటర్లకే పడిపోయింది.

కథ అక్కడితో ముగిస్తే బాగుండేది. పది రోజులకు పి0420 వచ్చింది, ఎగ్జాస్ట్ పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగా పనిచేయడం లేదని. ఎగ్జాస్ట్ లీకు లేదని చూసుకున్నాం, వెనక ఆక్సిజన్ సెన్సర్ గీత ముందు సెన్సర్ గీతను అచ్చుగుద్దినట్టు అనుసరిస్తోంది. సెన్సర్ తీసి కెమెరా దించితే తేనెపట్టులాంటి పింగాణీలో ఒక మూల కరిగి గాజులా మెరుస్తోంది. మిస్‌ఫైర్ అయినప్పుడు సిలిండర్‌లో కాలని పెట్రోలు, వాడని ఆక్సిజన్ కలిసి కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండుతాయి. నెలల తరబడి మలుపు మలుపుకూ జరిగిన ఆ చిన్న కుదుపుల జమాఖర్చు అది. కన్వర్టర్ మార్చక తప్పలేదు. అనవసరంగా వేసిన గాలి సెన్సర్ ఖర్చు మేమే భరించాం.

ఆమెతో చివరి సంభాషణ

అలవాటు ఎలా పడిందని అడిగాను, తప్పుపట్టే గొంతుతో కాదు. “ట్యాంకు నిండా ఉంటే బరువుకు మైలేజీ పడిపోతుందని ఎవరో చెప్పారు. పైగా ఇంకా 80 కిలోమీటర్లు పోతుందని అక్కడే చూపిస్తుంది కదా!” అన్నారు.

బరువు లెక్క అక్కడే వేశాం. లీటరు పెట్రోలు ముప్పావు కిలో కన్నా కాస్త తక్కువ. 30 లీటర్లు ఎక్కువ పోయిస్తే 22 కిలోలు పెరుగుతాయి. వెనక సీట్లో ఒక పిల్లవాడు కూర్చున్నంత. టన్ను బరువున్న కారుకు అది మైలేజీలో కనిపించే తేడా కాదు.

80 కిలోమీటర్ల అంకె సంగతి వేరు. అది ట్యాంకును కొలిచి చెప్పేది కాదు. తేలే బెండు ఒకటి చేతికర్రతో నిరోధకం మీద జరుగుతూ ఇచ్చే అంచనాను, గత కొన్ని కిలోమీటర్ల మైలేజీతో గుణించి చూపే లెక్క. ఖాళీ రోడ్డు మీద వచ్చిన మైలేజీతో 80 అన్నది, ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే 50 కావచ్చు. ఏటవాలులో ఆపినా, మలుపులో ఉన్నా బెండు నిజం చెప్పదు. ముల్లు ఊగిపోకుండా కంప్యూటర్ ఆ ఊపును నెమ్మదిగా సర్దుతుంది కాబట్టి అసలు మట్టం పడిపోయిన విషయం మీటరుకు ఆలస్యంగా తెలుస్తుంది.

ఆమె తమ్ముడిది డీజిల్ బండి, అతనిదీ ఇదే అలవాటట. అతనికి ఇంకా గట్టిగా చెప్పమన్నాను. డీజిల్ కామన్ రెయిల్ పంపు వెయ్యి బార్లకు పైన పనిచేస్తుంది, దానికి డీజిలే నూనె. ట్యాంకు ఎండి గాలి పడితే చాలా బండ్లు ఇంధనం పోసినంత మాత్రాన స్టార్టు కావు, గాలి తీయాలి. పొడిగా తిరిగి హై ప్రెషర్ పంపు గీసుకుపోతే ఆ లోహపు పొడి ఇంజెక్టర్ల దాకా పాకుతుంది. అప్పుడు మార్చాల్సింది ఒక్క పంపుతో ఆగదు.

ఆమెకు నీళ్ల సీసాలో పెట్రోలు తెప్పించుకునే అలవాటు కూడా ఉందని మాటల్లో తెలిసింది. దానికోసమే చేసిన డబ్బా తప్ప ఇంకేదీ వద్దని, దాన్ని కూడా కారులో కాకుండా నేల మీద పెట్టి నింపాలని చెప్పాను. కారులో పెట్టి నింపితే స్థిర విద్యుత్తు నిప్పురవ్వకు అంతకన్నా మంచి అవకాశం ఇంకొకటి ఉండదు.

మా వైపు మారినవి

టెస్టుకు ముందు పెట్రోలు పోసే నియమం తీసేశాం. బండి ఏ మట్టంతో వస్తే మొదటి పరీక్ష ఆ మట్టంతోనే. దారిలో పెట్రోలు అయిపోతే ఆదుకోవడానికి వెనక ఇంకో బండి వెళ్తుంది. ఐడ్లింగ్ ప్రెషర్ ఒక్కటే చూసి పంపును వదిలేయడం మానేశాం, పరిమాణం కొలిచాకే దాని మీద గీత గీస్తాం. మార్చిన భాగం ఏడాదిలో మళ్లీ పోతే దాని చుట్టూ ఉన్నవన్నీ తెరిచి చూస్తాం. జాబ్ కార్డులో కొత్తగా ఒక గడి పెట్టాం, బండి లోపలికి వచ్చినప్పుడు పెట్రోలు ఎంత ఉందో రాయడానికి.

ఆరు నెలల తర్వాత ఆమె మామూలు సర్వీసుకు వచ్చారు. ఆ గడిలో మా కుర్రవాడు రాసినది: “దీపం లేదు. ఐదు గీతలు.”